సెక్షన్ 30 ఉందంటే ధర్నా చేయకూడదని కాదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ అక్కగారు అంగన్‌వాడీ టీచరు. వచ్చే నెలలో వాళ్ల యూనియన్ విజయవాడ రైల్వే స్టేషన్ నుంచి ధర్నా చౌక్ దాకా ర్యాలీ చేసి, అక్కడ ఒక పూట కూర్చోవాలనుకుంటోంది. పోలీసుల దగ్గరికి వెళ్తే "సిటీలో సెక్షన్ 30 ఉందమ్మా, కుదరదు" అని నోటి మాటగా చెప్పి పంపేశారు. మీ నాన్నగారికి గాంధీనగర్‌లో షాపు. ధర్నా ఉన్న రోజు బేరం ఉండదు కాబట్టి పోలీసులు చేసిందే కరెక్టని ఆయన అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నిరసన హక్కు ఎక్కడిదాకా, శాంతిభద్రతల పేరు చెప్పి ఎంతవరకు ఆపొచ్చు అని అడిగారు.

విజయవాడ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తూ చాలా ఏళ్లుగా కార్మిక సంఘాలకు ఇలాంటి అనుమతుల పనులు చూస్తున్నాను. అప్పుడప్పుడు వ్యాపారుల సంఘాల తరఫున కూడా నిలబడ్డాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: మీ అక్కగారికి ర్యాలీ చేసే హక్కు ఉంది. ఏ రోడ్డులో, ఏ టైములో, రోడ్డులో ఎంత భాగం వాడుకోవాలి అన్నది పోలీసులు చెప్పొచ్చు. మొత్తానికే వద్దనాలంటే మాత్రం "సెక్షన్ 30 ఉంది" అన్న ఒక్క ముక్క చాలదు.

ఈ సెక్షన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో దీన్ని కర్ఫ్యూ లాంటిదేదో అన్నట్టు వాడేస్తున్నారు. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోది. అందులో ఉన్నది ఇంతే. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా నడవాలో, ఏ దారిన ఏ సమయంలో వెళ్లాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు. అదుపు లేకపోతే శాంతిభంగం జరుగుతుందని అనుమానం ఉన్నచోట, సభ పెట్టేవాళ్లు ముందుగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలని నోటీసు ఇవ్వవచ్చు. దరఖాస్తు వస్తే షరతులు రాసి లైసెన్సు ఇవ్వవచ్చు. అంటే "సెక్షన్ 30 అమల్లో ఉంది" అనే ప్రకటనకు అసలు అర్థం "అనుమతి అడగండి" అని. అడగడానికి వచ్చినవాళ్లకు అదే సెక్షన్ చూపించి వెనక్కి పంపడం ఆ సెక్షన్‌కే విరుద్ధం.

రాజ్యాంగంలోని 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది. దేశ సమగ్రత, పబ్లిక్ ఆర్డర్ కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అక్కడే రాసింది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ అన్నది 1973లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. ఎవరికి తోచిన చోట, తోచిన టైములో సభ పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. అలాగని పబ్లిక్ వీధుల్లో సభలే వద్దనే అధికారం ప్రభుత్వానికీ లేదు. ఏ ప్రాతిపదికన కాదంటున్నారో చెప్పకుండా, పూర్తిగా అధికారి ఇష్టానికే వదిలేసిన నిబంధనను ఆ కేసులో కొట్టేశారు.

ఇది ఎక్కడో అహ్మదాబాద్ కేసు అనుకుంటారేమో, మన దగ్గరా జరిగింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభ దగ్గర ఇరుకు రోడ్డులో తోపులాట జరిగి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు ఆడవాళ్లు పోయారు. మర్నాడే, జనవరి 2న, ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారులతో పాటు మున్సిపల్, పంచాయతీ రోడ్ల మీద కూడా సభలకు అనుమతి లేదు, అరుదైన పరిస్థితుల్లో తప్ప. పదకొండు ప్రాణాలు పోయాక ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోకూడదు, ఒప్పుకుంటాను. అయితే ఆ రెండు చోట్లా జరిగింది జనాన్ని సరిగ్గా లెక్కగట్టకపోవడం వల్ల, దారులు, బారికేడ్లు సరిగ్గా లేకపోవడం వల్ల. రెండూ నిరసనలు కావు. దెబ్బ మాత్రం రాష్ట్రంలో ప్రతి ధర్నాకూ పడింది. ఆ జీవోను హైకోర్టు జనవరిలోనే తాత్కాలికంగా సస్పెండ్ చేసి, 2023 మే 12న పూర్తిగా కొట్టేసింది. సెక్షన్ 30 నియంత్రించడానికే గాని గంపగుత్తగా నిషేధించడానికి కాదన్నదే అందులో సారాంశం. మీ అక్కగారి దరఖాస్తుతో పాటు ఆ తీర్పు కాపీ ఒకటి జత చేయండి. వాదనకు దిగమని కాదు. ఫైలు చూసే అధికారికి "కాదు" అని రాసేముందు ఒకసారి ఆలోచించే అవకాశం ఇచ్చినట్టు అవుతుంది.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన నష్టం నిజమైన నష్టం. ధర్నా చౌక్ చుట్టుపక్కల షాపులవాళ్లు, ఇళ్లవాళ్లు రాష్ట్రం మొత్తం బాధల్ని తమ గుమ్మం ముందు మోస్తున్నారు. ఈ మాట నిరసనకారులు ఎప్పుడూ గుర్తించరు, అది నాకు బాధగానే ఉంటుంది. ఒక యూనియన్ వెళ్తుంది, మర్నాడు ఇంకో సంఘం వస్తుంది. టెంటు కర్రలు షాపు మెట్ల మీదే, మైకు మొహం షాపులోకే.

కానీ చట్టంలో ఇబ్బంది వేరు, పబ్లిక్ ఆర్డర్ దెబ్బతినడం వేరు. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఒకదానిలో ఒకటి ఉన్న మూడు వలయాలుగా చెప్పింది. పెద్ద వలయం మామూలు శాంతిభద్రతలు, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, దానికి కూడా లోపల దేశ భద్రత. తాగి ఇద్దరు కొట్టుకుంటే అది మొదటి వలయంలోని సంగతి. దానివల్ల ఊరి మొత్తం జీవనం చెదిరిపోతే తప్ప రెండో వలయంలోకి రాదు. బేరం తగ్గడం, ట్రాఫిక్ మళ్లించడం, బస్సు ఇరవై నిమిషాలు లేటవడం, ఇవన్నీ సర్దుబాటు చేయాల్సిన సమస్యలు. ఒక హక్కును మూసేయడానికి సరిపోయే కారణాలు కావు.

అదే సమయంలో, మీ నాన్నగారి వైపు కూడా గట్టి తీర్పు ఉంది. 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ విషయంలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, నిరసన హక్కే అయినా పబ్లిక్ రోడ్డును ఎంతకాలమైనా ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదు. ఒక పూట ధర్నాకు, నెలల తరబడి రోడ్డు దిగ్బంధానికి ఉన్న తేడా ఇదే. మైకు సంగతి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది: రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. కాబట్టి ఆయన "ధర్నా ఆపండి" అని అడిగితే చట్టం ఆయనకు తోడు రాదు. "నా షాపు ముందు దారి వదలండి, మైకు అటు తిప్పండి, సాయంత్రం చెప్పిన టైముకు లేవండి" అని అడిగితే వస్తుంది. ఆ మాట ఆయన వ్యాపారుల సంఘం తరఫున ముందే రాసి ఇస్తే అనుమతి షరతుల్లోకి ఎక్కించవచ్చు. ఇలా అడిగిన వ్యాపారులు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

ఇప్పుడు అసలు పని. చాలా గొడవలు రోడ్డు మీద పుట్టవు, దరఖాస్తు కాగితం మీద పుడతాయి. సంఘాలు ఇచ్చే దరఖాస్తులు ఎలా ఉంటాయో చెప్తాను: పైన డిమాండ్లు ఒక పేజీ, మధ్యలో ప్రభుత్వాన్ని తిడుతూ రెండు పేరాలు, చివర "కావున ర్యాలీకి అనుమతి ఇవ్వగలరు". ఎంతమంది వస్తారో ఉండదు, ఎన్నింటికి మొదలో ఎన్నింటికి ముగింపో ఉండదు. అది చూసిన ఏసీపీ ఏ లెక్కన బందోబస్తు వేయాలి? తెలియనప్పుడు ఆయనకు సేఫ్‌గా కనిపించేది తిరస్కరణే.

మీరు రాయించేది వేరేగా ఉండాలి. డిమాండ్లు వేరే కాగితం మీద పెట్టండి. దరఖాస్తులో తేదీ, రైల్వే స్టేషన్ దగ్గర జనం చేరే టైము, కదిలే టైము, ధర్నా చౌక్ చేరే టైము, లేచే టైము రాయండి. ఎంతమంది వస్తారో నిజం రాయండి. రెండు వేల మంది వస్తారనుకుంటూ మూడు వందలని రాస్తే ఆరోజు మీ మాటకు విలువ పోతుంది, వచ్చే ఏడాది కూడా పోతుంది. జిల్లాల నుంచి బస్సులు వస్తే ఎన్ని, ఎక్కడ దింపుతారు, ఎక్కడ ఆపుకుంటారు అన్నది ముఖ్యం. వన్‌టౌన్ వైపు నుంచి వచ్చేవి, ఏలూరు రోడ్డు మీదుగా వచ్చేవి ఒకేచోట ఆగితే ర్యాలీ కదలకముందే ట్రాఫిక్ జామ్ అవుతుంది, ఆ నింద మీ మీదే పడుతుంది. రూటు మ్యాపు చేత్తో గీసినా చాలు, కానీ రోడ్డుకు ఏ పక్కన నడుస్తారో బాణం గుర్తు పెట్టండి. బాధ్యత తీసుకునే ఐదారుగురి పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి. వాళ్లు ఆరోజు ఫోన్ ఎత్తేవాళ్లై ఉండాలి, వేదిక మీద ఉపన్యాసాలిచ్చే నాయకులు కాకూడదు. వాలంటీర్లు ఎంతమంది, వాళ్ల గుర్తు ఏంటి అన్నది చివర్లో. వీలైతే ప్రత్యామ్నాయ రూటో తేదీయో ఒకటి మీరే ఇవ్వండి. అప్పుడు అధికారికి "అవును", "కాదు" కాకుండా మూడో దారి ఉంటుంది.

దరఖాస్తు కనీసం పది రోజుల ముందు ఇవ్వండి. ఇచ్చినట్టు తేదీతో రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపండి. నోటి మాటగా "కుదరదు" అన్నది కోర్టు ముందు ఎందుకూ పనికిరాదు, అన్నారని మీరు రుజువు చేయలేరు.

పోలీసుల వైపు నుంచి కూడా చూడాలి. విజయవాడ లాంటి ఊళ్లో ఒకేరోజు వీఐపీ పర్యటన, దుర్గ గుడి రద్దీ, ఇంకో పార్టీ సభ ఉంటాయి. ఉన్న సిబ్బందితోనే ఎస్సైలు, సీఐలు అన్నీ నెట్టుకు రావాలి. అనుమతి ఇచ్చాక ఏదైనా జరిగితే సస్పెండ్ అయ్యేది సంతకం పెట్టినవాడే. నిరాకరించి ఏదైనా జరిగితే "అనుమతి లేదు కదా" అని తప్పించుకోవచ్చు. ఈ లెక్క ఉన్నంతకాలం కింది అధికారులు తిరస్కరణ వైపే మొగ్గుతారు. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, వాళ్లు "అవును" అనడం తేలికయ్యేట్టు మనం కాగితం తయారుచేయాలి.

అయితే పోలీసుల బాధ్యత జనాన్ని ఆపడంతో అయిపోదు. నిరసన చేసేవాళ్లను కాపాడటం కూడా శాంతిభద్రతల్లో భాగమే. 1988 డిసెంబరు 26న ఈ ఊళ్లోనే నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను దీక్షా శిబిరం దగ్గరే చంపారు. ఆ తర్వాత విజయవాడ తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు, ఎంతోమంది ప్రాణాలు, ఆస్తులు పోయాయి. ఒక్క శిబిరానికి రక్షణ లేకపోతే ఊరు ఏమవుతుందో మా తరం చూసింది. బందోబస్తు అంటే టెంటు చుట్టూ ఉండాల్సిన రక్షణ కూడా అని నేను గట్టిగా అనడానికి కారణం అదే.

నిరాకరణతో సమస్య పోతుందనుకోవడం ఎంత పొరపాటో 2022 ఫిబ్రవరి 3న తేలింది. పీఆర్సీ (వేతన సవరణ) మీద ఉద్యోగుల "చలో విజయవాడ"కు అనుమతి ఇవ్వలేదు. చెక్‌పోస్టుల్లో బస్సులు, రైళ్లు తనిఖీ చేశారు, నాయకులకు నోటీసులు ఇచ్చారు, ఇళ్ల దగ్గర ఆపారు. అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిండిపోయింది. ఆరోజు అంతా ప్రశాంతంగా ముగిసిందంటే ఆ ఘనత ఉద్యోగుల క్రమశిక్షణది, అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసుల ఓపికది. అంతమంది వస్తారని ముందే ఒప్పుకుని రూటు, పార్కింగ్, మంచినీళ్లు, అంబులెన్సు దారి ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఊరికి ఆ టెన్షన్ తప్పేది. రెండు రోజుల తర్వాత చర్చలు కుదిరాయి, తలపెట్టిన సమ్మెను విరమించుకున్నారు.

నిరసనకు ముందు రాత్రిపూట పోలీసులు చేసే వ్యవహారం మీ అక్కగారికి బాగా తెలిసే ఉంటుంది. 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టారు. 2024 జనవరి 22 తెల్లవారుజామున ధర్నా చౌక్ శిబిరాన్ని ఖాళీ చేయించారు, ఆ రాత్రికే చర్చలు ఫలించి సమ్మె ముగిసింది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఎస్మా పని మానేయడం గురించిన చట్టం, సెలవు రోజునో డ్యూటీ అయ్యాకో శాంతియుతంగా నినాదం ఇవ్వడం గురించి కాదు. ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని, శాంతియుత ప్రదర్శన మాత్రం హక్కేనని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను మామూలుగా అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మాత్రమే చేయాలి.

"హౌస్ అరెస్ట్" అని పేపర్లలో రోజూ చదువుతాం. ధర్నాకు వెళ్లకుండా మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే అధికారం ఆ పేరుతో క్రిమినల్ ప్రొసీజర్‌లో ఎక్కడా లేదు. ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 170వ సెక్షన్, పాత కోడ్‌లో 151. అరెస్టుకు తగిన నేరం చేయబోతున్నారని తెలిసి, ఆపడానికి ఇంకో దారి లేనప్పుడు అరెస్టు చేయవచ్చు, అదీ 24 గంటలకు మించి ఉంచకూడదు. ర్యాలీకి వెళ్లాలనుకోవడం నేరం కాదు. గుమ్మం ముందు కానిస్టేబుల్ నిలబడితే గొడవ పడకండి. ఏ సెక్షన్ కింద, ఎవరి ఆదేశం అని అడిగి, నోటీసు ఇస్తే తీసుకుని, టైము రాసుకుని సంతకం పెట్టండి. ఫోటో తీసి ఉంచండి.

ఇక పాత 144, 2024 జూలై 1 నుంచి అదే సురక్షా సంహితలో 163వ సెక్షన్. దీని కింద నిజంగానే నిషేధించవచ్చు, రెండు నెలల దాకా. కానీ కారణాలతో రాతపూర్వక ఆదేశం ఉండాలి. దాన్ని బయటపెట్టాలని, న్యాయమైన అభిప్రాయాన్ని నొక్కడానికి వాడకూడదని, అదే ఆదేశాన్ని పదేపదే పొడిగించుకుంటూ పోకూడదని 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "144 ఉంది" అంటే ఆ ఆదేశం కాపీ అడగండి. దాన్ని సవరించమని అదే అధికారిని కోరే వీలు కూడా చట్టంలో ఉంది. విజయవాడలో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. గుంటూరులో కమిషనరేట్ లేదు కాబట్టి అక్కడి వాళ్లు కలెక్టర్ వైపు, అంటే జిల్లా మేజిస్ట్రేటు వైపు చూడాలి.

యూనియన్ చేయాల్సింది కూడా నిక్కచ్చిగా చెప్తాను. జనాన్ని పిలిచినవాళ్లే జనానికి జవాబుదారీ. ఏలూరు రోడ్డు మీద ఒక ర్యాలీలో చూశాను. వరుస పొడవునా తాడు పట్టుకుని ఆడవాళ్లు నడుస్తున్నారు, తాడుకు కుడివైపు రోడ్డు ఖాళీ. వెనక అంబులెన్సు సైరన్ వినపడగానే చివర ఉన్న అమ్మాయి విజిల్ వేసింది, ఆ విజిల్ ముందుకు ముందుకు అందింది, తాడు మొత్తం ఒక్కసారిగా ఎడమకు జరిగింది. అంబులెన్సు స్పీడు తగ్గించకుండానే వెళ్లిపోయింది. పోలీసు ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. ముందురోజు సాయంత్రం హాల్లో ఆ విజిల్ గురించి చెప్పి ఉంటారు, అంతే. మీ ర్యాలీకి ఇలాంటి తాడు పెట్టండి. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న కొత్త మొహాలు వరుసలో కనిపిస్తే వాలంటీర్లే పక్కకు తీసుకెళ్లి మాట్లాడాలి. ఒక్క రాయి పడితే కేసు మొత్తం గుంపు మీదికి వస్తుంది. ఐదుగురు గాని అంతకు మించి గాని ఉన్న గుంపులో అందరిదీ ఒకే ఉద్దేశం అని తేల్చితే రాయి వేయనివాళ్లకూ శిక్ష పడుతుంది. ఆస్తి నష్టం జరిగితే పిలుపునిచ్చిన నాయకుల నుంచి కూడా రాబట్టాలని 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. షాపులు బలవంతంగా మూయించడం అసలే వద్దు. బలవంతపు బంద్ రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు అంటే సుప్రీంకోర్టు సమర్థించింది.

పరిధి దాటారంటూ కేసు పెట్టినా భయపడకండి. ఉత్తర్వు ధిక్కరణ కేసు, అంటే పాత ఐపీసీలో 188, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223, సంబంధిత అధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేస్తేనే నిలుస్తుంది. పోలీసులు ఎఫ్ఐఆర్, చార్జిషీటుతో సరిపెట్టిన కేసులు చాలావరకు ఈ పాయింటు మీదే కొట్టివేతకు వెళ్తాయి.

అనుమతి నిరాకరిస్తూ కాగితం వస్తే, లేదా జవాబే రాకపోతే, ర్యాలీ ముందురోజు దాకా ఆగకండి. లంచ్ మోషన్ (అత్యవసరమని అదే రోజు విచారణ కోరడం) పెట్టి చివరి గంటలో హైకోర్టును పరుగులు పెట్టిస్తే జడ్జిగారికి కూడా రెండు వైపులా వినే టైము ఉండదు. 2022 సెప్టెంబరులో అమరావతి రైతుల అరసవల్లి పాదయాత్రకు డీజీపీ కాదంటే హైకోర్టు 600 మందికి షరతులతో అనుమతి ఇచ్చింది. సంఘీభావం తెలిపేవాళ్లు రోడ్డు పక్కన నిలబడాలని ఆ తర్వాత చెప్పింది. అక్టోబరులో రామచంద్రపురం దగ్గర ఆ 600 మంది గుర్తింపు కార్డుల తనిఖీ మీదే పేచీ వచ్చి యాత్ర ఆగింది. కోర్టు పెట్టిన షరతు మీరు పాటించగలిగినదై ఉండాలి, లేకపోతే గెలిచిన ఆర్డరే మెడకు చుట్టుకుంటుంది. అందుకే రిట్ వేసేటప్పుడు మీరు నిజంగా పాటించగల సంఖ్య, టైము, తాడు, వాలంటీర్ల లిస్టు అఫిడవిట్‌లో మీరే ముందుగా పెట్టండి. రిసీవ్డ్ స్టాంపు ఉన్న దరఖాస్తు, రూటు మ్యాపు, నిరాకరణ కాగితం, జీవో 1 మీద తీర్పు కాపీ, ఈ నాలుగూ పట్టుకుని లాయరు దగ్గరికి వారం ముందు వెళ్లండి. వెళ్లేముందు మీ నాన్నగారికి ఆ మ్యాపు ఒకసారి చూపించండి. షాపు ముందు ఏ పక్క దారి వదలాలో ఆయనకు తెలిసినంత బాగా మీ లాయరుకు తెలియదు.